నాగప్ప దాచుకున్న మంట

నాగప్పకు యాభై తొమ్మిదేళ్లు. తనకల్లుకు ఆరేడు మైళ్ల అవతల కొండవారనున్న పల్లె అతనిది. డెబ్భై గొర్రెలున్నాయి. పదేళ్ల వయసు నుంచి గొర్రెల వెంట కొండ ఎక్కి దిగుతున్న మనిషి. ఆసుపత్రి గడప తొక్కింది రెండుసార్లే. ఒకసారి తేలు కుట్టినప్పుడు, ఇంకోసారి కోడలి కాన్పుకు. తన ఒంటి సంగతి ఇంకొకరికి చెప్పుకునే అలవాటు అతనికి ఏనాడూ లేదు.

ఆ ఏడాది ఉగాది వెళ్లిన పదిహేను రోజులకు మంట మొదలైంది.

కొండ మీద బండ చాటున మూత్రానికి నిలబడితే కాల్చిన సూది గుచ్చినట్టయింది. నాలుగు చుక్కలు పడి ఆగిపోయింది. పంచె సర్దుకుని పది అడుగులు వేశాడో లేదో మళ్లీ పోవాలనిపించింది. సాయంత్రం గొర్రెల్ని దొడ్డికి తోలేలోగా పదిసార్లు పోయాడు. పోయిన ప్రతిసారీ ఆ నాలుగు చుక్కలే, ఆ మంటే. వేడి చేసిందనుకున్నాడు. మా వైపు ఎండాకాలంలో ఎవరికి మూత్రం మండినా అందరూ అనుకునే మాట అదే. అందులో కొంత నిజం లేకపోలేదు. పొద్దున కొండెక్కితే మళ్లీ దిగేదాకా అతను తాగేది ఒక్క బాటిల్ నీళ్లు. బోరు తొట్టి కొండ కింద ఉంది. నీళ్ల కోసం మందను వదిలి దిగడం కుదిరే పని కాదు.

నిజానికి రెండేళ్లుగా అతనికి మూత్రం తీరే మారిపోయింది. మొదలు కావడానికే కాసేపు నిలబడి ఉండాలి. ధార సన్నబడింది. అయిపోయిందనుకున్నాక మళ్లీ కొంచెం వచ్చి పంచె తడిసేది. నిద్రలో మూడు నాలుగుసార్లు లేవాల్సి వచ్చేది. వయసు మీద పడితే ఇంతేనేమోనని సరిపెట్టుకున్నాడు.

భార్య హనుమంతమ్మతో మాత్రం వేడి చేసిందని ఒక మాట అన్నాడు. ఆమె బార్లీ కాచింది, సబ్జా గింజలు నానబెట్టింది, మజ్జిగలో ఉల్లిపాయ వేసి ఇచ్చింది. రెండు మూడు రోజులు కాస్త నెమ్మదించింది. తర్వాత మళ్లీ పట్టుకుంది. ఈసారి మూత్రం బియ్యం కడుగులా మబ్బుగా ఉంది, వాసన కూడా వేస్తోంది.

ఇలాంటి జబ్బుల సంగతి తెలిసిన మనిషి అతని ఇంట్లోనే ఉంది. కోడలు సుజాత ఆ ఊరికి ఆశా కార్యకర్త. కొడుకు ఓబిలేష్ బెంగళూరులో బిల్డింగ్ పనికి పోయి నెలకొకసారి వస్తాడు. ఇల్లు, బిడ్డ, ఊరి గర్భిణులు, బాలింతలు అన్నీ ఆమె చేతి మీదే నడుస్తాయి. మూత్రం మంటని చెప్పుకోవడానికి ఊళ్లో ఆడవాళ్లు ఆమె దగ్గరికే వస్తారు, ఆమె వాళ్లను విలేజ్ క్లినిక్‌కు తీసుకెళ్తుంది. వాళ్లు వసారాలో కూర్చుని గుసగుసలాడుతుంటే నాగప్ప లేచి దొడ్డి వైపు వెళ్లిపోయేవాడు. అది ఆడవాళ్ల జబ్బని అతని లెక్క. పైగా మామ కోడలితో మాట్లాడే మాటలు కొన్నే. సంకటి అయిందా, బిడ్డ బడికి పోయిందా, గొర్రెపిల్ల పాలు తాగిందా. అంతకు మించి నోరు తెరవడం అతనికి తెలియదు.

అందుకే తనకల్లు దారిలో సూదులు వేసే నరసింహులు దగ్గరికి పోయాడు. అక్కడ బెంచీ మీద నలుగురు కూర్చుని ఉన్నారు. నాగప్ప వంగి నరసింహులు చెవిలో చెప్పాడు. నరసింహులు నవ్వి, అందరికీ వినబడేట్టే అడిగాడు.

"చిలమత్తూరు పక్క గొర్రెలు తోలుకోని రెండు నెల్లు ఉంటివి గదప్పా. ఆడ యాడికన్నా పోయినావా ఏమి?"

బెంచీ మీద వాళ్లూ నవ్వారు. నాగప్పకు చెవులు కాలిపోయాయి. సంక్రాంతి అయ్యాక తోటి కాపరులతో కలిసి మేత కోసం మందను అటు తోలుకుపోయిన మాట నిజమే. పంట కోసిన చేలల్లో పడుకున్నారు, సంకటి కెలుక్కుని తిన్నారు, తిరిగి వచ్చారు. అంతకు మించి ఏమీ లేదు. ఆ మాట చెప్పడానికి నోరు రాలేదు. నరసింహులు ఒక సూది వేసి వారానికి సరిపడా మాత్రలిచ్చాడు. మూత్రం పరీక్ష మాట ఎత్తలేదు.

మూడో రోజుకు మంట ఆగింది. మిగిలిన మాత్రల్ని నాగప్ప చొక్కా జేబులో పెట్టుకున్నాడు. మళ్లీ వస్తే పనికొస్తాయని.

మంట ఆగింది గానీ మాట ఆగలేదు. రెండు రోజుల్లో అది బోరు దగ్గర నీళ్లు పట్టుకునే ఆడవాళ్ల నోళ్లలో పడి హనుమంతమ్మ చెవికి చేరింది. ఆమె ఏమీ అడగలేదు. సంకటి ముద్ద పెట్టి లోపలికి పోయేది. బయట మంచం పక్కన వేసుకునే తన చాపను ఇంట్లోకి మార్చుకుంది. నాగప్పకు అర్థమైంది. ఆమె అడిగితే సమాధానం చెప్పేవాడు. అడగనిదానికి ఏమని చెప్పాలి? పోనుపోను అతనికే భయం పట్టుకుంది. ఏ తప్పూ చేయకపోయినా అలాంటి రోగం వస్తుందేమో, బెంచీ మీద, పరుపు మీద అంటుకుంటుందేమోనని. నలభై ఏళ్లు ఒకే కప్పు కింద బతికిన ఇద్దరు పది రోజుల పాటు మాట లేకుండా తిరిగారు.

వైశాఖంలో ఒక బుధవారం పొద్దున లేచేసరికే అతనికి నడుము పట్టేసినట్టుంది. ఒళ్లు వెచ్చగా తగులుతోంది. జేబులో దాచిన మాత్రల కోసం చూస్తే ఆ చొక్కా ఉతుకుల్లో పడింది. ఎవరినీ అడగకుండా మందను తోలుకుని కొండెక్కాడు.

పదకొండు గంటలకు చలి మొదలైంది. బండ మీద చెయ్యి పెడితే కాలుతోంది, అతని పళ్లు మాత్రం టకటకమని కొట్టుకుంటున్నాయి. గొంగడి కప్పుకుని బలుసు పొద నీడన ముడుచుకున్నాడు. చలి కంటే ఎక్కువగా వేధిస్తున్నది ఇంకొకటి. మూత్రం వస్తున్నట్టే ఉంది, కానీ రావడం లేదు. నిలబడి చూశాడు. గొంతుక్కూర్చుని చూశాడు. బండకు రెండు చేతులూ ఆనించి ఊపిరి బిగబట్టి ముక్కాడు. ఎర్రగా రెండు చుక్కలు మట్టిలో పడ్డాయి. నీళ్లు చాలక రావడం లేదేమోననుకుని బాటిల్ ఎత్తి చివరి చుక్కదాకా తాగేశాడు. అరగంటకల్లా పొత్తికడుపు ఉబ్బి, పంచె ముడి తగిలినా ఓర్చుకోలేనంతగా నొప్పి పెట్టింది. గొర్రెలు దారి తప్పి కొండ అవతలికి వెళ్తున్నాయి. కేక వేయబోతే గొంతు రాలేదు.

ఆ గొర్రెలే అతని సంగతి బయట పెట్టాయి. అవతలి వాలులో తిప్పేష్ తన మందను మేపుతున్నాడు. హనుమంతమ్మకు తమ్ముడు, నలభై దాటిన మనిషి. బావ గొర్రెలు కాపరి లేకుండా వచ్చి తన మందలో కలుస్తుంటే వెతుక్కుంటూ ఇవతలికి వచ్చాడు. మధ్యాహ్నపు ఎండలో గొంగడి కింద వణుకుతున్న బావను చూసి పరుగున దగ్గరికి వచ్చాడు. ఏమైందని అడిగితే చలిజ్వరమని, పోయి గొర్రెల్ని చూసుకోమని నాగప్ప కసురుకున్నాడు. తిప్పేష్ పోలేదు. తన బాటిల్‌లోని నీళ్లు పట్టించాడు. రెండు గుక్కలు దిగాక నాగప్ప కడుపు పట్టుకుని మూలిగిన మూలుగు విని బాటిల్ కింద పెట్టేశాడు.

ఆ చుట్టుపక్కల సిగ్నల్ దొరికేది ఒక్క నల్లబండ మీదే. తిప్పేష్ అక్కడికి పరుగెత్తి సుజాతకు ఫోన్ చేశాడు.

సుజాత అప్పుడే మామ చొక్కా ఉతుకుతూ జేబులోని మాత్రల పట్టీని చూసి కూర్చుని ఉంది. మూడు రోజులవి వాడి తక్కినవి వదిలేసిన పట్టీ. ఆ మాత్రలు దేనికిస్తారో ఆమెకు తెలుసు. ఇవెవరివని అత్తను అడిగితే హనుమంతమ్మ మొహం తిప్పుకుని, మీ మామనే అడుగు అంది. ఆ మొహం చూసి సుజాతకు సగం అర్థమైంది. తిప్పేష్ ఫోన్ చేసి చలిజ్వరం, కడుపునొప్పి అనగానే మిగతా సగం కూడా అర్థమైంది. ఒంటికి పోయినాడేమో కనుక్కోమని చెప్పింది. తిప్పేష్ పొద దగ్గరికి పోయి అడిగి తిరిగి వచ్చాడు. పోయినానన్నాడని చెప్పాడు. సుజాత నమ్మలేదు. మామకే ఫోన్ ఇమ్మంది.

పొద నుంచి నల్లబండకు ముప్పై అడుగులు ఉంటాయి. తిప్పేష్ భుజం మీద వాలి, రెండుగా వంగిపోయి నాగప్ప ఆ ముప్పై అడుగులూ నడిచాడు. ఫోన్ చెవి దగ్గర పెట్టుకున్నాడు.

"మామా, కోడలిగా అడగడం లేదు. ఆశాగా అడుగుతాండా," అంది సుజాత. "ఆఖరుగా ఎప్పుడు పోయినావు ఒంటికి?"

తిప్పేష్ మొహం అటు తిప్పుకున్నాడు. నాగప్ప ఫోన్‌ను ఇంకో చెవికి మార్చుకున్నాడు.

"రేతిరి," అన్నాడు చివరికి. "పొద్దన్నుంచి రాలేదు."

"కడుపు కింద గట్టిగా ఉండాదా?"

"రాయి మాదిరి ఉండాది."

"నీళ్లు తాగినావా?"

"శానా తాగినా. తాగితే వస్తాదని."

"ఇంకొక్క గుక్క గూడా వద్దు మామా. బయటికి పోయే దావ మూసుకుపోయినాది. లోపలికి పోసే కొద్దీ నొప్పి ఎక్కువైతాది. నూటెనిమిదికి చెప్తాండా. ఎట్లన్నా చేసి రోడ్డు కాడికి దిగు."

నాగప్ప ఇంకేదో చెప్పాలనుకున్నాడు. మీ అత్తకు చెప్పొద్దనో, మీ అత్తకు చెప్పమనో. ఏది చెప్పాలో తేలకముందే సుజాత ఫోన్ పెట్టేసింది.

రెండు మందలూ కొండ మీదే వదిలేశారు. మామూలు రోజుల్లో అరగంటలో దిగే దారి. ఆ రోజు గంటన్నర పట్టింది. కొంతదూరం తిప్పేష్ అతన్ని వీపున మోశాడు. మోస్తే పొత్తికడుపు ఒత్తుకుని నాగప్ప అరిచాడు. దించి నడిపిస్తే మోకాళ్లు మడత పడ్డాయి. కొండ కింద తిప్పేష్ బండి ఉంది. వెనక కూర్చున్న బావ తల భుజం మీదికి వాలిపోతుంటే తుండుగుడ్డతో అతన్ని తన నడుముకు కట్టుకున్నాడు. బండ్లబాట గుంతల్లో పడిన ప్రతిసారీ వెనక నుంచి మూలుగు వినిపించేది. రోడ్డు కనబడేటప్పటికి మూలుగు కూడా ఆగిపోయింది. తిప్పేష్ బండి ఆపి, పిలిచి, చెంప మీద తట్టాడు. నాగప్ప కళ్లు తెరిచి గొర్రెలెక్కడ అని అడిగాడు.

అంబులెన్స్ అప్పటికే వచ్చి ఉంది. సుజాత పక్కన హనుమంతమ్మ నిలబడి ఉంది. మొగుడి మొహం చూడగానే ఎవరూ చెప్పకముందే ఎక్కి కూర్చుంది. అంబులెన్స్‌లో ఉద్యోగి బీపీ చూసి, మళ్లీ చూసి, తొంభైకి తక్కువ ఉందని డ్రైవర్‌తో అన్నాడు. నాడి నూట ముప్పై కొట్టుకుంటోంది. సుజాత మాత్రల పట్టీ అతనికి చూపించి, ఎన్ని రోజులు వాడాడో, ఎప్పుడు ఆపాడో, మూత్రం ఎప్పటి నుంచి ఆగిపోయిందో ఏదీ దాచకుండా చెప్పింది. చేతికి సెలైన్ ఎక్కించారు. కదిరికి ఇంకా పాతిక కిలోమీటర్లు ఉంది.

దారిలో హనుమంతమ్మ వంగి అతని చెవి దగ్గర అడిగింది. పది రోజులుగా గొంతులో పెట్టుకున్న మాట.

"నిజం చెప్పు. ఆ పక్క పోయినప్పుడు ఏమన్నా జరిగినాదా?"

"లేదే," అన్నాడు నాగప్ప. "మంద మీద ఆన."

గొర్రెల మీద అతను అబద్ధపు ఒట్టు పెట్టడని ఆమెకు తెలుసు. అయినా ఆ బెంచీ నవ్వులు ఆమె చెవిలోంచి పోలేదు. అతని చెయ్యి పట్టుకుంది, నమ్మిందో లేదో ఆమెకే తెలియదు.

కదిరి ఆసుపత్రిలో డ్యూటీలో ఉన్నది జయంతి అనే డాక్టరమ్మ. పొత్తికడుపు మీద చెయ్యి వేసి చూసి వెంటనే గొట్టం వేయమంది. మగ నర్సు మూత్రనాళంలోకి సన్నని రబ్బరు గొట్టం పంపాడు. సంచిలోకి మూత్రం దిగడం మొదలైంది. ఆగకుండా లీటరు దాటి దిగింది, చివర్లో ఎర్రగా, చీములా. నొప్పి తగ్గిన ఆ క్షణంలో నాగప్ప గోడ వైపు తిరిగి ఏడ్చాడు.

కొండ మీది మందల్ని పల్లె కుర్రాళ్లకు అప్పగించి బండి మీద వెనకే వచ్చిన తిప్పేష్, గండం గడిచిందని బయట అనుకున్నాడు. డాక్టరమ్మ మాత్రం అలా అనలేదు. మూత్రం, రక్తం పరీక్షకు తీశాకే ఇంజెక్షన్ మొదలుపెట్టించింది. క్రిములు మూత్రం దాటి రక్తంలోకి పోయాయని, బీపీ లేవడం లేదని, మూత్రపిండాల మీద కూడా దెబ్బ పడిందని, రేపు సాయంత్రం దాకా తాను ఏ మాటా ఇవ్వలేనని చెప్పింది. అప్పటికీ తిరగకపోతే అనంతపురం పంపాలంది.

హనుమంతమ్మ ఆమెను వరండా మూలకు పిలిచి అడిగింది. ఇది చెడు తిరుగుళ్ల వల్ల వచ్చే రోగమేనా అని. డాక్టరమ్మకు ఆ ప్రశ్న కొత్త కాదు. నిలబడే సమాధానం చెప్పింది.

అలా అంటుకునే జబ్బులు వేరే ఉన్నాయని, వాటికీ పరీక్షకు పంపానని, అయితే నాగప్పకు జరిగింది ఇంకొకటని చెప్పింది. వయసు మళ్లిన మగవాళ్లలో మూత్రసంచి కింద ఉండే ప్రోస్టేట్ అనే గ్రంథి ఉబ్బి దారిని ఇరుకు చేస్తుంది. పోయిన ప్రతిసారీ సంచిలో కొంత మూత్రం మిగిలిపోతుంది. తొట్టి అడుగున నిలిచిన నీళ్లకు పాచి పట్టినట్టు అందులో క్రిములు పెరుగుతాయి. ఆడవాళ్లకు మూత్రనాళం పొట్టిది కాబట్టి ఈ ఇన్‌ఫెక్షన్ తరచుగా వస్తుంది. మగవాళ్లకు అంత తేలిగ్గా రాదు. వచ్చిందంటే వెనక ఏదో కారణం ఉన్నట్టే. ప్రోస్టేటో, రాయో, షుగరో వెతకాలి. ఎండలో నీళ్లు తాగకపోవడం దానికి తోడైంది. మూడు రోజులకే మందు ఆపేయడం ఇంకా తోడైంది, చావకుండా మిగిలిన క్రిములు మళ్లీ పెరిగాయి.

"అడిగితే ఇప్పుడు చెప్పినాడు, రెండేండ్ల నుంచి ఇబ్బంది పడతా ఉండాడంటమ్మా మీ ఆయన," అంది డాక్టరమ్మ. "ఒక్కరికీ చెప్పుకోలేదు. అదొక్కటే ఆయన చేసిన తప్పు."

హనుమంతమ్మ అక్కడే గోడకు ఆనుకుని కూర్చుండిపోయింది.

మర్నాడు తెల్లవారింది గానీ జ్వరం దిగలేదు. బెంగళూరు నుంచి ఓబిలేష్ వచ్చేసరికి నాగప్ప కొడుకును చూసి తిప్పేష్ అని పిలిచాడు. మధ్యాహ్నం బీపీ కాస్త లేచి మళ్లీ పడింది. సంచిలోకి చేరే మూత్రాన్ని గంట గంటకూ నర్సు కొలిచి రాస్తుంటే సుజాత ఆ కాగితాన్ని చూస్తూ నిలబడేది. ఇరవై మిల్లీలీటర్లు, పదిహేను, పన్నెండు. ఆ అంకెలు ఎటు పోతున్నాయో అత్తకు చెప్పలేదు. అనంతపురానికి ఉత్తరం రాసి సిద్ధంగా పెట్టారు. డాక్టరమ్మ పరీక్ష జరుగుతున్న ల్యాబ్‌కు ఫోన్ చేసి మాట్లాడి వచ్చి, ఇంజెక్షన్ మార్చింది. పూర్తి రిపోర్టు రావడానికి ఇంకో రోజు పడుతుందని, అందాకా ఆగితే మనిషి ఆగడని అంది.

ఆ సాయంత్రం ఏడు గంటలకు గంట మూత్రం ముప్పై అయింది. ఎనిమిదికి నలభై. నర్సు ఆ అంకె రాస్తుంటే సుజాత బయటికి వచ్చి కుళాయి దగ్గర మొహం కడుక్కుంది.

మూడో రోజు రిపోర్టు వచ్చింది. నరసింహులు ఇచ్చిన మాత్రలకు ఆ క్రిమి ఇక లొంగదని, మొదటి ఇంజెక్షన్‌కూ లొంగదని, మార్చినదానికి లొంగుతుందని అందులో ఉంది. అంటుకునే జబ్బులేవీ లేవని కూడా తేలింది. నాలుగో రోజు పొద్దున జ్వరం విడిచింది. నాగప్ప లేచి కూర్చుని ఇడ్లీ తిన్నాడు. హనుమంతమ్మ నీళ్ల గ్లాసు అందిస్తూ, అతని వైపు చూడకుండా అంది.

"ఎవరో నవ్వినారని పది దినాలు నీతో మాట్లాడలేదు. ఆ పది దినాల్లో నువ్వు సచ్చిపోయింటే?"

నాగప్ప గ్లాసు తీసుకుని తాగాడు.

వారం తర్వాత ఇంటికి పంపారు. గొట్టం మాత్రం ఇంకో వారం ఉంచాలన్నారు. గ్రంథి వాపు తగ్గించే మాత్ర ఒకటి, క్రిములకు మందు మరో వారం. ఈసారి ఒక్క పూట కూడా తప్పకూడదని సుజాత గోడ మీద క్యాలెండర్లో గీతలు పెట్టింది. సంచిని తొడకు కట్టుకుని పైన పంచె కట్టుకున్నాడు. ఎవరైనా ఇంటికి వస్తే మంచం మీద దుప్పటి కప్పుకునేవాడు. మొదటి రోజు సంచి ఖాళీ చేసింది సుజాతే. అతను కళ్లు మూసుకుని గోడ వైపు తిరిగి పడుకున్నాడు. చేతులు సబ్బుతో కడుక్కుని ఎలా విప్పాలో, సంచి ఎప్పుడూ నడుము కిందే ఎందుకు ఉండాలో ఆమె ఆ వీపుకే చెప్పింది. నాలుగో రోజుకు అతను ఇటు తిరిగి చూసి నేర్చుకున్నాడు. అప్పటి నుంచి తనే చేసుకున్నాడు.

గొట్టం తీసే రోజు మళ్లీ భయం పట్టుకుంది. తీశాక దానంతటది మూత్రం రావాలి. రాకపోతే మళ్లీ గొట్టం, ఆ పైన ఆపరేషన్. పది గంటలకు తీశారు. కొలత గీతలున్న ప్లాస్టిక్ మగ్గు చేతికిచ్చి, అరగంటకో గ్లాసు నీళ్లు తాగమన్నారు. పదకొండున్నరకు ఒకసారి పోయి చూశాడు. ఏమీ రాలేదు. పన్నెండుకు పొత్తికడుపులో బరువు తెలిసింది. మరుగుదొడ్డిలో నిలబడ్డాడు. కొండ మీద బండకు చేతులు ఆనించి ముక్కినప్పటి నొప్పి గుర్తొచ్చి చెమటలు పట్టి బయటికి వచ్చేశాడు. బయట తిప్పేష్, హనుమంతమ్మ. ఇద్దరూ లేచి అతని మొహంలోకి చూశారు. మగ నర్సు వచ్చి ముక్కవద్దని, కుళాయి విప్పుకుని ఊరికే నిలబడమని చెప్పి పోయాడు. ఒంటిగంట దాటింది. రెండు దాకా చూద్దామన్నారు. ఒకటీ నలభైకి నాగప్ప మళ్లీ లోపలికి పోయి కుళాయి విప్పాడు.

చాలాసేపు కుళాయి చప్పుడొక్కటే వినిపించింది.

బయటికి వచ్చినప్పుడు అతని చేతిలో మగ్గు ఉంది. దాన్ని నర్సుకు ఇవ్వలేదు. వెలుతురు దగ్గరికి పోయి గీత చూసుకున్నాడు. తర్వాత తిప్పేష్‌ను ఫోన్ అడిగి, పల్లెలో పసిపిల్లలకు టీకాలు వేయిస్తున్న కోడలికి తనే చేశాడు.

"సుజాతా, రెండునూర్ల యాభై," అన్నాడు. "మంట లేదు."

స్కాన్‌లో సంచిలో మిగిలింది కొంచెమేనని తేలింది. మాత్ర రోజూ వేసుకోవాలని, మూడు నెలలకోసారి వచ్చి చూపించుకోవాలని, మళ్లీ మూసుకుపోతే ఆపరేషన్ తప్పదని డాక్టరమ్మ చెప్పింది. ఆ భయం అతన్ని ఇప్పటికీ పూర్తిగా వదల్లేదు. ధార కాస్త సన్నబడిందనిపిస్తే ఆ రోజంతా పరధ్యానంగా ఉంటాడు. సగం గొర్రెల్ని తిప్పేష్ మందలో కలిపాడు. మధ్యాహ్నం కొండ దిగి తొట్టి దగ్గర కూర్చుంటున్నాడు. సుజాత నరసింహులు దగ్గరికి పోయి జరిగిందంతా చెప్పింది. మాత్రల పట్టీ బల్ల మీద పెట్టింది. అతను ఎదురు మాట్లాడలేదు. ఒప్పుకోనూ లేదు.

శ్రావణంలో ఒక శనివారం సంతలో ఈశ్వరప్ప కనిపించాడు. పక్క పల్లె కాపరి, నాగప్ప కంటే రెండేళ్లు పెద్ద. గంటలో మూడుసార్లు లారీ చాటుకు పోయి రావడం నాగప్ప గమనించాడు. నాలుగోసారి తిరిగి వస్తుంటే ఎదురుగా పోయి నిలబడి, మండుతా ఉండాదా అని అడిగాడు. పక్కన బేరమాడుతున్న వాళ్లు తలలు తిప్పి చూశారు. ఈశ్వరప్ప ఇబ్బందిగా కదిలి, వేడి చేసినాదప్పా అన్నాడు.

"నేనూ అట్లే అనుకొంటి," అన్నాడు నాగప్ప. "మా కోడలి కాడికి రా."

ఈశ్వరప్ప ఆ రోజు రాలేదు. మంగళవారం పొద్దున వచ్చి గొర్రెల దొడ్డి దగ్గర నిలబడ్డాడు. ఇంట్లోకి రమ్మంటే రాలేదు. కోడలుపిల్లకు నువ్వే చెప్పప్పా, నాకు నోరు రాదు అని బతిమాలాడు. నాగప్ప ఒప్పుకోలేదు. ఎన్ని దినాలైంది, రక్తం పడుతోందా, చలి వస్తోందా, ఆమె అడిగేవాటికి నువ్వే చెప్పాలన్నాడు. సుజాత వసారాలో కుర్చీ వేసి, పుస్తకం, పెన్ను తెచ్చుకుని కూర్చుంది. నాగప్ప ఈశ్వరప్ప భుజం మీద చెయ్యి వేసి తీసుకొచ్చి ఆ కుర్చీలో కూర్చోబెట్టాడు. ఈసారి లేచి దొడ్డి వైపు పోలేదు. పక్కనే గోడకు ఆనుకుని నిలబడ్డాడు.